చెరువులో రోడ్డు

బాలమ్మకు మొదటి నుంచీ నా మీద రెండు ఫిర్యాదులు. ఒకటి, తీతువు పిట్టను చూసి నేను మురిసిపోతాను. అది కూస్తే చావు కబురేనని ఆమె నమ్మకం. రెండు, నేను ఆంధ్రదాన్ని. మొదటిది ఎలాగో క్షమించింది. రెండోది మాత్రం రోజూ గుర్తు చేసేది. "తెలంగాణ వచ్చినంక గూడ నువ్వు రావచ్చులే జాయ్స్ మేడం, నీకు వీసా నేనిస్త" అని పకపకా నవ్వేది.

నార్సింగి అవతల ఓ చెరువు నడుమ రాతి దిబ్బ ఉంది. మా కాలేజీవాళ్లు దాని మీద రెండు రేకుల గదులు కట్టి, పరిశోధనా కేంద్రమని ఘనంగా బోర్డు పెట్టారు. ఏటా వేసవిలో జంతుశాస్త్రం పిల్లలకు అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. చుట్టూ నీళ్లుండి కుక్కలు రాలేవు కాబట్టి అక్కడ ఆ గుడ్లు బతికేవి.

ఆ నీళ్లు దాటించేది బాలమ్మే. భర్త పోయాక ఆయన పుట్టిని, వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవను, తనే నడపసాగింది. రాత్రిళ్లు చెరువులో చేపలు, ఎండాకాలంలో పగలు మా పిల్లలు, అదే ఆమె బతుకు. దూరంగా హైటెక్ సిటీ అద్దాల మేడలు మెరుస్తున్నా వాటి వంక చూసేది కాదు. "గుడ్లు తొక్కినోళ్లను ఈడ్నే ఇడిచిపెట్టి పోత" అని పిల్లల్ని బెదిరించేది. చావు కబురు పిట్టకు అంత కాపలా ఎందుకని అడిగితే నన్ను కసురుకునేది.

2011 వేసవిలో, సరిగ్గా తీతువు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చే వారంలో, తెలంగాణ కోసం నార్సింగి వైపు రెండు రోజుల బంద్ అన్నారు. ఒక్కసారి దిబ్బ మీదికి చేర్చమని బాలమ్మను బతిమాలాను.

"బందంటే బందే మేడం. మా మహేందర్ గూడ ఒట్టేయించుకున్నడు, పుట్టి దించితే ఇజ్జత్ పోతదని."

మహేందర్ ఆమె ఒక్కగానొక్క కొడుకు, లారీలు నడుపుతాడు. ఆ రెండు రోజులూ పగలంతా తల్లీకొడుకులు మెయిన్ రోడ్డు మీద టెంటులో కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ మెడలో ఉద్యమ కండువాతో, గొంతు బొంగురుపోయేలా పాడుతున్న ఆమెను చూశాక ఏమీ అనబుద్ధి కాలేదు.

బంద్ అయిపోయిన మర్నాడు పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టెక్కాను. ఎక్కి, అక్కడే కొయ్యబారిపోయాను.

చెరువులో రోడ్డు ఉంది. ఎర్రమట్టి, పగిలిన సిమెంటు పెళ్లలు, గట్టు నుంచి దిబ్బ దాకా. దాని మీద నుంచి కుక్కలు తాపీగా నడిచి వస్తున్నాయి. పైన తీతువులు గొంతులు చించుకుంటున్నాయి. దారి తప్పి వేరే చెరువుకు వచ్చామేమోనని ఒక్క క్షణం నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

తెడ్డు చేతబట్టుకుని నీళ్ల అంచున నిలబడి ఉంది బాలమ్మ. నన్ను చూడగానే మీదికొచ్చింది.

"మీ ఆంధ్ర బిల్డర్లే! మేము ఆడ కూసుంటే ఈడ చెరువు మింగిండ్రు! మీరు మనుషులేనా?"

ఇన్నేళ్లలో ఆమె నవ్వకుండా నన్ను ఆంధ్రవాళ్లలో కలిపి మాట్లాడింది అప్పుడే.

ఇంతలో మట్టి టిప్పరొకటి గట్టెక్కింది. హారన్ కొట్టి, డ్రైవరు తల బయటపెట్టాడు. "అమ్మా, జర పక్కకు జరుగు."

మహేందర్.

"ఏందిరా ఇది?" ఆమె టిప్పరుకు ఎదురు వెళ్లింది.

"పరేషాన్ గాకే. ఆంధ్రోళ్లది గాదు, మన లారీల సేటుదే. టెంటు గూడ ఆయనే ఏయించిండు. బందుల ఎవడు అడగడని రెండు రాత్రులల్ల పోయించిండు."

"గందుకేనా నాతోని ఒట్టేయించుకున్నవ్?"

వాడు స్టీరింగ్ వైపు చూశాడు. రాత్రి చేపలకని ఆమె చెరువులో ఉంటే ఒక్క బండిని కూడా దిగనిచ్చేది కాదని వాడికి తెలుసు.

కొడుకును కొడుతుందనుకున్నాను, కనీసం తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం తెడ్డును పుట్టిలో పడేసి, మా పిల్లల వైపు తిరిగింది.

"పోండ్రి బిడ్డా," అంది. "ఇగ నడిచే పోవచ్చు."

ఒక్కరూ కదల్లేదు.