మా అరుగు మీది సాయంత్రం బడి

మా చిన్నప్పుడు... సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టగానే పిల్లలెవరూ తిన్నగా ఇంటికి పోయేవారు కాదు. ఆ రోజు బడికి ఎవరు రాలేదో వాళ్ళింటికి పోవాలి. వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆ రోజు చెప్పిన పాఠం గట్టిగా చదవాలి... మా టీచరుగారు పెట్టిన పద్ధతి అది. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట పోయే దారిలో మాది చిన్న ఊరు. ఎవరి అరుగు మీద గోల వినిపిస్తే, ఆ ఇంటి పిల్ల బడి ఎగ్గొట్టిందని ఊరంతటికీ తెలిసిపోయేది!

నాలుగో తరగతిలో ఆ వంతు నాకొచ్చింది. జీడిపిక్కలు ఏరే రోజులు... అమ్మా నాన్నా చీకటితోనే తోటకు పోయేవారు. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి నన్ను బడి మాన్పించారు.

"పిక్కలయ్యాక ఎల్దువులేవే" అంది అమ్మ. మా వీధిలో అలా ఆగిన ఆడపిల్లలు మళ్ళీ బడి మొహం చూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఎంత భయమేసిందో...

సాయంత్రం మా తరగతి పిల్లలు మా అరుగు మీదికి దిగిపోయారు. పక్కింటి నూకరత్నం ఎక్కం తప్పు చదివితే, లోపల ఉయ్యాల ఊపుతూనే నేను సరిచేశాను. కాళ్ళు కడుక్కుంటున్న నాన్న పెద్దగా నవ్వాడు. "ఇంటికాడున్న మా గుంటే నయమర్రా!"

కానీ రోజులు గడిచేకొద్దీ నా గొంతు తగ్గిపోయింది. ఒక సాయంత్రం వాళ్ళు కొత్త లెక్కలేవో చదువుతున్నారు... భిన్నాలట. ఒక్క ముక్క బోధపడితే ఒట్టు.

"ఇయాల పలకవేటే?" అన్నాడు నాన్న, లోపలికి తొంగిచూసి.

"నాకు రాదు నాన్నా..." అని బావురుమన్నాను.

అరుగు మీంచి నూకరత్నం అంది, "మావా, తమ్ముణ్ణి కూడా తెచ్చీమన్నారు టీచరుగారు. ఉయ్యాల బడిలోనే కట్టీసుకోవచ్చంట."

మర్నాడు నాన్న తోటకు ఆలస్యంగా వెళ్ళాడు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని, అమ్మ పాత చీర చంకన పెట్టుకుని నన్ను బడికి తీసుకెళ్ళాడు. దూలానికి ఉయ్యాల తానే కట్టాడు. వేసవి సెలవులిచ్చేదాకా మా తమ్ముడికి ఎక్కాలే జోలపాట. వాడికిప్పటికీ లెక్కలంటే నిద్రొస్తుంది, అది వేరే సంగతి!

ఇప్పుడు నర్సీపట్నంలోనే ఉంటున్నాను. మొన్న మా పాపకి జ్వరమొస్తే బడికి పంపలేదు. మొదటి పీరియడ్ కాకముందే ఫోన్‌కి మెసేజి... "మీ పాప ఈ రోజు బడికి రాలేదు" అని. మంచిదే. వరసగా మానేసే పిల్లల్ని ఇలాగే కనిపెట్టి, చదువు ఆగిపోకుండా చూస్తున్నారట. సంతోషం.

అయినా మనసు ఊరుకోదు కదా... బడి వదిలే వేళకి వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. మా ఇంటికి అరుగు లేదు. పిల్లలొస్తే కూర్చుంటారని ఒక చాప పరిచి ఉంచాను. చీకటి పడేదాకా చూశాను.

తర్వాత చాప చుట్టి లోపల పెట్టేశాను.

మీరు బడి మానేసిన రోజున మీ గుమ్మం ముందుకు ఎవరొచ్చేవారు? వాళ్ళ పేరు ఒక్కసారి ఇక్కడ రాయరూ...