పిస్తా రంగు స్వెటర్, అమ్మమ్మ దాచిన నూలు

2022 చలికాలం. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో మా దుకాణం. పాతబడ్డ స్వెటర్లు, శాలువలు తెస్తే కొత్తవాటిలా చేసి ఇస్తాను. హైదరాబాద్‌లో చలి ఉండేదే కొన్నాళ్లు, ఈ పనితో ఎలా బతుకుతున్నావని అడిగేవాళ్లకు నా దగ్గర ఒక జవాబుంది. నారాయణగూడ వకీలు గారి ఒక్క స్వెటర్ మీద గీకిన నూగుతో రెండు దిండ్లు కుట్టించానని, మిగిలినదానితో ఆయన మనవడికి టోపీ అయిందని చెబుతాను. దిండ్ల సంగతి అబద్ధం. టోపీ సంగతి ఇంకా పెద్ద అబద్ధం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం నేను కల్పించింది ఒక్క జడ్జి గారినే. ఆయన వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

నిజానికి నా దుకాణాన్ని నడిపేది చలి కాదు, అశోక్ నగర్ రీడింగ్ రూముల్లోని ఏసీలు. పరీక్షలకు చదివే పిల్లలు ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని, మోచేతులు బల్లకు ఆనించి గంటల తరబడి కూర్చుంటారు. వాళ్ల స్వెటర్లు మోచేతుల దగ్గరే ముందు ముసలివవుతాయి.

స్రవంతి కూడా అలాగే వచ్చింది. జగిత్యాల వైపు అమ్మాయి, అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకుంటోంది. పిస్తా రంగు స్వెటర్ ఒకటి బల్ల మీద పెట్టి, తాను మాత్రం గల్లీ వైపు చూస్తూ నిలబడింది. చేత్తో అల్లిన ఉన్ని. మోచేతుల దగ్గర ఉండలు కట్టింది. దీన్ని పిల్లింగ్ అంటాం. రాపిడికి లేచిన పోగులు చుట్టుకుపోయి గింజల్లా నిలబడతాయి. ఫాబ్రిక్ షేవర్ అని చిన్న మిషన్ ఉంటుంది. పైన జల్లెడ, లోపల తిరిగే బ్లేడు. దానితో తీస్తే అది చాలా తేలిక పని. ఈ అమ్మాయి గడ్డం గీసుకునే బ్లేడుతో గీకింది. ఎడమ మోచేతి దగ్గర పోగు తెగి, కింది కుట్లన్నీ వరుసగా జారి నిచ్చెన మెట్లలా కనిపిస్తున్నాయి.

"నాది కాదన్నా," అంది. "నా రూమ్మేట్ మాధవిది. వాళ్ల అక్క పెండ్లికని కాకినాడ పోయింది. నా కుర్చీ మీదికే ఏసీ కొడ్తది. అడగకుండ తీసి వేసుకున్న."

"గిట్లాంటిదే ఇంకోటి కొనియ్యరాదు బిడ్డా?"

"వాళ్ల అమ్మమ్మ అల్లిందన్నా. ఇప్పుడామెకు కండ్లు కనవడవు."

మిగతాది ఆమే చెప్పింది. ఈ ఊళ్లో తనకున్న ఒకే ఒక్క మనిషి మాధవి అట. రీజనింగ్ లెక్కలు ఓపిగ్గా చెప్పేదీ, జ్వరమొస్తే ఇడ్లీ తెచ్చిపెట్టేదీ ఆమే. అడగకుండా పెట్టె తెరిచిందని తెలిస్తే ఇక మొహం చూడదని స్రవంతి భయం. మాధవి ఎల్లుండి వస్తుంది, ఆలోపు చిరిగిన జాడ ఉండకూడదు. ఎవరడిగినా తన పేరు చెప్పనని నా దగ్గర మాట కూడా తీసుకుంది.

కోఠిలో నాకు తెలిసిన ఉన్ని దుకాణాలన్నీ తిరిగాను. పిస్తా రంగు దొరక్క కాదు. ఈ స్వెటర్ ఉతుకులకు వెలిసింది, కొత్త నూలు వెలవలేదు. దానితో అతికితే ఆ అతుకు గల్లీ మొదట్నుంచే పలకరిస్తుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఆ ముసలమ్మ అల్లిక ఎలా ఉందో చూద్దామని స్వెటర్ తిరగేశాను. చంక కింద పక్క కుట్టులో వేలికి ఏదో గడ్డలా తగిలింది. అదే నూలు, చిన్న చుట్టగా చుట్టి నాలుగు కుట్లతో బిగించి ఉంది. స్వెటర్‌తో పాటే ఉతుకులు తిని, దానితో పాటే వెలిసింది. ఆ ముసలమ్మకు అక్కడి నుంచే దండం పెట్టాను.

జారిన కుట్లను క్రోషే సూదితో ఒక్కొక్కటే పైకి లాగాను. తెగినచోట ఆ చుట్టలోని నూలుతో డార్నింగ్ చేశాను, అంటే పాత పోగు నడిచిన దారిలోనే సూదితో మరో పోగును నడిపించడం. తర్వాత తడిపి, పలక మీద ఆకారానికి సర్ది, గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాను. దాన్ని బ్లాకింగ్ అంటాం.

మర్నాడు అది ఆరుతుండగా, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఒక అమ్మాయి దుకాణంలోకి వచ్చింది. మాధవి. ఆమేనని నాకప్పుడు తెలియదు, ఒకరోజు ముందే దిగింది. స్రవంతి స్వెటర్ పట్టుకుని చిక్కడపల్లి మార్కెట్ వెనక దుకాణానికి వెళ్లిందని హాస్టల్ ఆంటీ నోరు జారిందని నాకు తర్వాత తెలిసింది.

"ఈ స్వెటరు ఎవరిదండీ?" అంది.

మాట ఇచ్చాను కదా. నోటికి కథ దానంతటదే వచ్చింది. సిమ్లాలో పనిచేసి దోమలగూడలో స్థిరపడ్డ జడ్జి గారిదని చెప్పాను. తీర్పు చెప్పే రోజు ఆయన ఇదే వేసుకునేవారని, దీన్ని చూడగానే ఒక దొంగ బోనులోనే నేరం ఒప్పేసుకున్నాడని కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఎక్కడా అడ్డు రాకుండా మొత్తం విని, రెండు గుండుసూదులు తీసి చంక కింద కుట్టు తిరగేసింది.

"ఇక్కడ నూలు చుట్ట ఉండాలి బాబాయ్ గారూ. మా అమ్మమ్మ జడ్జి గారికి కూడా పెట్టిందేమోనని చూస్తున్నాను."

స్వెటర్ చేతులు రెండూ సర్ది ఆమె ముందు పెట్టాను. "ఆ నూలు ఇందులోనే ఉందమ్మా. ఎక్కడుందో నువ్వే చెప్పు."

వేళ్లతో తడిమింది. వెలుగులో పెట్టి చూసింది. చివరికి కుడి మోచెయ్యి చూపించింది. నేను బాగుచేసింది ఎడమది.

సరిగ్గా అప్పుడే స్వెటర్ కోసం స్రవంతి గుమ్మంలోకి వచ్చింది. "మాధవీ, నేనే..." అంది. మాధవి పూర్తి చేయనివ్వలేదు.

"చలేస్తే అడగొచ్చుగా. రీజనింగ్ రాదు సరే, అడగడం కూడా రాదా నీకు?"

"అడిగితె ఇయ్యవేమోనని."

"ఇచ్చేదాన్ని కాదు. అది వేరే సంగతి," అంటూ మాధవి స్వెటర్ మోచెయ్యి నిమిరింది. "చిరిగితే వాడుకోమనే అమ్మమ్మ ఆ నూలు పెట్టింది. నేనే, చిరుగుతుందేమోనని పెట్టెలో దాచుకుని కూర్చున్నాను."

స్రవంతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కళ్లు తుడుచుకోవడానికి చేతికందిన స్వెటర్‌నే లాక్కోబోతుంటే, "దాంతోటి మాత్రం తుడువకు బిడ్డా, ఇప్పుడిప్పుడే ఆరుతున్నది," అన్నాను. ముగ్గురం నవ్వాం.

ఆ స్వెటర్ తర్వాత నా పని మారింది. ఇప్పుడు ఏ స్వెటర్ వచ్చినా బయట చిరుగు చూసేముందు లోపలి కుట్లు తడుముతాను. నూలు దొరికితే అల్లినవాళ్లను తలుచుకుంటాను. దొరకకపోతే, బాగుచేశాక నేనే కాస్త నూలు లోపల పెట్టి కుడతాను. చిరగని స్వెటర్ అల్లడం ఆ ముసలమ్మ వల్లే కాలేదు, నావల్ల ఏమవుతుంది?

ఆ రోజు చుట్టలో జానెడు నూలు మిగిలింది. దాన్ని మళ్లీ అదే చంక కింద కుట్టాను. అది ఎక్కడుందో ఈసారి ఇద్దరికీ చూపించాను.