నీలం డ్రమ్ముల సారంగపాణి

నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము కంటబడితే సారంగపాణికి చేతులు ఆగవు. దానికి చిల్లు పెట్టాల్సిందే. కొత్తగూడెం గనుల్లో రిటైరై ఏన్కూరు దగ్గర పల్లెలో స్థిరపడ్డ ఈ పెద్దమనిషి సంచిలో సుత్తి, మేకు లేకుండా గడప దాటడు. పరామర్శకు పోయినా అంతే. "అయ్యో, ఎట్ల పోయిండు?" అని కళ్ళు ఒత్తుకుంటూనే పెరట్లోకి జరుగుతాడు. ఠక్కుమని చప్పుడు. ఏడ్చేవాళ్ళు ఏడుపాపి బిందెలు పట్టుకుని పరుగెత్తాలి.

"ఏంది మామా గీ పని?" అని అడిగితే ఆయనకు ఒళ్ళు మండేది.

"గవి కంపెనీ కెమికల్ డ్రమ్ములురా! అడవి అంచుకు పారబోస్తే పాతసామాన్ల రాంబాబు ఏరుకొచ్చి, వాగుల కడిగి అమ్ముతుండు. ఆ వాగు ఒడ్డున ఏండ్ల సంది గడ్డి మొలుస్తలేదు. గొడ్లు మూతి పెడ్తలేవు."

"సర్ఫేసి కడిగినం గదా మామా!" అని ఊరు నవ్వేది. నవ్వి, ఇంకో డ్రమ్ము కొనేది. చవగ్గా వస్తే మన జనానికి విషమైనా ముద్దొస్తుంది.

ఇంతలో నాగలత కూతురు పద్మప్రియ పెళ్ళి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి మిరపతోటలతో నిలదొక్కుకున్న ఇల్లు వాళ్ళది. మంచినీళ్ళకని నాగలత పెద్ద డ్రమ్ము కొన్నది. చింతపండుతో తోమించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది. ఇంత మర్యాద చేశాక ఇంకా విషమేమిటని ఆమె ధైర్యం. భయమంతా సారంగపాణి గురించే.

"అన్నయ్యా, పెళ్ళికి తప్పకుండా రండి. సంచి మాత్రం ఇంట్లో పెట్టి రండి."

"సంచి లేకుంటే ఒంటి మీద బట్ట లేనట్టుంటది చెల్లె."

"ఒక్కగానొక్క పిల్ల పెళ్ళి అన్నయ్యా!"

"సరే తియ్యి."

పెళ్ళినాడు గుమ్మంలోనే నాగలత తమ్ముడు మురళీకృష్ణ ఆయన జేబులు తడిమాడు. తువ్వాలు దులిపించాడు. చెప్పులు కూడా తిరగేశాడు. ఖాళీ చేతులతో సారంగపాణి కుర్చీలో కూర్చుని, ఇటుకల మీద నిలబెట్టిన డ్రమ్మును రెప్పవేయకుండా చూశాడు. నాగలత ఆయన్ని రెప్పవేయకుండా చూసింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. మగపెళ్ళివారు బస్సు దిగారు.

"ముందు మంచినీళ్ళు ఇప్పించు చెల్లెమ్మా, నోరెండిపోతోంది," అన్నాడు వియ్యంకుడు వెంకటప్పయ్య. ఆయన వెనకాల పిల్లలు గ్లాసులు పట్టుకుని బారులు తీరారు.

నాగలత మూత తీసి చెంబు ముంచింది. సారంగపాణి లేచాడు.

"చెల్లె, వద్దు."

"కూర్చోండి అన్నయ్యా."

"నీకు మొక్కుత. పసిపోరలున్నరు, వద్దు."

మురళీకృష్ణ ఆయన భుజం పట్టుకున్నాడు. చెంబు గ్లాసు మీదికి వంగింది. అంతే! భుజం విదిలించుకుని వచ్చిన సారంగపాణి డ్రమ్మును కౌగిలించుకుని, దానితో సహా కిందపడ్డాడు. నీళ్ళన్నీ పందిట్లో నేలపాలయ్యాయి.

"ఎవడయ్యా వీడు?" వెంకటప్పయ్య గర్జించాడు. "గుక్కెడు నీళ్ళకు గతిలేని ఇంటికా పిల్లాణ్ణి తెచ్చింది?"

నాగలత ఒరిగిన డ్రమ్ములోకి చూసింది. అడుగున ఆకుపచ్చ పెచ్చులు లేచి ఉన్నాయి. ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన కొట్టింది. పిల్లల ముందు తానే పోయబోయింది ఈ నీళ్ళు! ఇప్పుడు సారంగపాణి నిజం చెబితే సంబంధం పందిట్లోనే తెగిపోతుంది. చెప్పే హక్కు ఆయనకుంది. ఇన్నాళ్ళూ నవ్విన ఊరంతా ఎదురుగానే ఉంది.

ఆయన బురదలోంచి లేచి, నాగలత ముఖం చూశాడు.

"తప్పైంది సారూ," అన్నాడు నాలుక మందం చేసుకుని. "పొద్దుగాల్నే జర ఎక్కువ తాగిన. కాళ్ళు నిలుస్తలేవు."

కల్లు కూడా ముట్టని మనిషి! ఊరు నోరు తెరిచింది. అనుమానం వచ్చి వెంకటప్పయ్య వాసన చూద్దామని ముందుకు వంగాడు.

"దగ్గరికి వెళ్ళకండి అన్నయ్యగారూ!" నాగలత అడ్డం దూకింది. "తాగితే ఈయన కరుస్తారు!"

వియ్యంకుడు చటుక్కున వెనక్కి తగ్గాడు. ఈలోపు పక్కింటి బతుకమ్మ స్టీలు బిందెతో బోరునీళ్ళు తెచ్చింది. రెండు గ్లాసులు తాగాక ఆయన చల్లబడి, తాగుబోతులు ఏ ఊళ్ళో లేరని తనే సర్దిచెప్పాడు. పెళ్ళి నిక్షేపంగా జరిగింది.

భోజనాల దగ్గర సారంగపాణికి నాగలత తనే కొసరి కొసరి వడ్డించింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఎందుకన్నయ్యా ఆ నింద మీద వేసుకున్నారు?" అని గుసగుసగా అడిగింది.

ఆయన ఎదురు బంతిలోంచి వెంకటప్పయ్య చూస్తున్నట్టు గమనించి, కూర్చున్నచోటే కాస్త తూలాడు.

"మజ్జిగ పొయ్యి చెల్లె, నిండ పొయ్యి," అన్నాడు మెల్లగా. "వియ్యంకుడు చూస్తుండు, నిషా దిగాలె గదా."