తూములు మూసే బాబాయి

నీళ్ళు కారిపోతుంటే మా బాబాయి చూడలేడు. ఎక్కడ కన్నం కనబడినా జేబులోంచి గుడ్డ తీసి కుక్కేస్తాడు. సింకుకు, స్నానాల గదికి, ఆఖరికి పూలకుండీల అడుగుకు కూడా గుడ్డలే. మా ఇంట్లో ఒళ్ళు తుడుచుకోవడానికి ఒక్క తువ్వాలు మిగల్లేదు.

“ఏవండీ, గిన్నెలు ఈత కొడుతున్నాయి!” అని పిన్ని అరుస్తుంది.

“కొట్టనీవే. పోయిన నీళ్ళు నువ్వు పిలిస్తే వెనక్కొస్తాయా?”

బాబాయి చిత్తడి అడవి ఆఫీసులో సర్వేయరు. నేను అక్కడే టైపిస్టును, ఉండేది వాళ్ళింట్లోనే. ఈ గుడ్డల గొడవేమిటో చెప్పమని ఒకసారి అడిగాను.

“ఆ అడవిలో నల్లనేల ఉందే, అది మట్టి కాదమ్మాయ్. వేల ఏళ్ళుగా రాలిన ఆకులు, కొమ్మలు. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ కుళ్ళవు. కాలువ తవ్వి నీళ్ళు తీసేశామనుకో, గాలి తగిలి కుళ్ళుతుంది. అందులో దాగిన కర్బనమంతా బొగ్గుపులుసు వాయువై పైకి పోయి భూమిని ఉడికిస్తుంది. నిప్పు పడిందా, నేలే కాలుతుంది.”

“మట్టి కాలడమేంటి బాబాయ్?”

“మట్టి కాదని ఇప్పుడేగా చెప్పాను!”

అర్థమైందన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నీళ్ళలో ఉంటే కుళ్ళదట, ఆరితే కుళ్ళుతుందట. మా ఇంట్లో కూరగాయలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పోయిన ఏడాది బాబాయి అడవి కాలువకు పలకలతో అడ్డుకట్ట వేయించాడు. అడవి బాగానే నానింది. దాంతోపాటు అంచున ఉన్న మంత్రసాని అవ్వ ఇల్లు కూడా నానింది. వానొస్తే ఆమె గడప లోపల చీలమండల లోతు నీళ్ళు.

కొన్నాళ్ళకు ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. కోడి కెలికినట్టున్న దస్తూరీ. “అయ్యా, మీ సర్వేయరు బొత్తిగా బాధ్యత లేని మనిషి. నా ఇల్లు నీళ్ళపాలు చేశాడు. వెంటనే స్తంభాల మీదకు ఎత్తించండి. ఇట్లు, మంత్రసాని.” మరుసటి వారం ఇంకొకటి: “ఇతను మొండివాడు. భార్య మాట వినడు.” మూడోదానిలో “పైగా గురక పెడతాడు” అని ఉంది. బాబాయి గురక అవ్వకెలా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

ఆఫీసరు మండిపడ్డాడు. “సోమవారం వెళ్ళి చూస్తాను. నిజమైతే కట్ట పీకించేస్తాను, మీ బాబాయిని ఇంటికి పంపిస్తాను!”

ఇంటికి పరిగెత్తి చెప్పాను. బాబాయి సింకులో గుడ్డ సర్దుతూ, “రానీ, మంచిదేగా” అన్నాడు.

సోమవారం బాబాయిని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళిన ఆఫీసరు అవ్వ ఇంట్లో అడుగుపెట్టగానే బూట్లు నీళ్ళతో నిండాయి.

“ఇంత పని చేసింది ఈయనేనా?”

“ఈయనే బాబూ, దుర్మార్గుడు” అంటూ అవ్వ బాబాయి చేతికి టీ గ్లాసు అందించింది.

“అయితే కట్ట తీసేయిస్తాను.”

“అమ్మో, వద్దు! పోయినసారి కాలువ ఎండి నేల రాజుకుంటే పది రోజులు పొగ. నా చేతుల్లో పుట్టిన పిల్లలు దగ్గి దగ్గి సోలిపోయారు. కట్ట ఉండనివ్వండి, ఇల్లు ఎత్తించండి చాలు.”

ఆఫీసరు తడి బూట్లతోనే ఇల్లు ఎత్తించే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. బాబాయికి ఘాటైన మందలింపు మెమో కూడా ఇమ్మన్నాడు. సాయంత్రం ఆఫీసులో దాన్ని టైపు చేసింది నేనే.

అవ్వ ఇంట్లోంచి బయటికొచ్చేటప్పుడే ఆమెను పక్కకు పిలిచి, ఉత్తరాలు ఎవరు రాసిపెట్టారని అడిగాను. “నాకు అక్షరం ముక్క రాదు తల్లీ” అని బాబాయి వైపు చూసి నవ్వింది.

ఇంటికెళ్ళి నిలదీశాను. “మీ మీద మీరే ఫిర్యాదు రాసుకుంటారా?”

“ఆమె ఇల్లు ముంచింది నేనేగా! ఎత్తించండి అని ఏడాదంతా అడిగితే ‘చూద్దాం’ అన్నారు. నన్ను తిట్టడానికనేసరికి మూడు వారాల్లో కదిలారు.”

ఉద్యోగం పోతే ఏమయ్యేదని కోప్పడదామనుకున్నాను. ఆ మెమోను మడిచి భద్రంగా జేబులో పెట్టుకుంటున్న మనిషిని చూస్తే ముద్దొచ్చింది.

“అవ్వ పక్కన దర్జీ ఇంట్లోకి కూడా నీళ్ళొస్తున్నాయి” అన్నాడు. “ఎడమచేత్తో రాసి రాసి వేళ్ళు నొప్పి. ఈసారి నువ్వు రాయి.”

కాగితం తీశాను. “అయ్యా, మీ సర్వేయరు బొత్తిగా బాధ్యత లేని మనిషి... గురక సంగతి కూడా రాయనా బాబాయ్?”

వంటింట్లో నీళ్ళ మధ్య నుంచి పిన్ని కేకేసింది: “రాయవే, పెద్ద అక్షరాలతో రాయి!”