రజిత దమ్ము ముందు మీరెంత

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రజిత ఇక లేదన్నారు.

టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెప్పింది ఎవరో కూడా గుర్తులేదు.

నా చెల్లెలి పెద్ద కూతురు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ముప్పై ఏళ్లు నిండలేదు.

కోకాపేట దగ్గర సిగ్నల్ పడితే స్కూటీ ఆపుకుని ఉంది. వెనక నుంచి నీళ్ల ట్యాంకర్ వచ్చి గుద్దింది.

అంతే. జరిగింది అదే.

కానీ సాయంత్రం చితి ఆరకముందే మనవాళ్లు ఇంకో కథ తయారు చేశారు. షుగర్ పిల్ల కదా, రోజూ పరుగులు కదా, కళ్లు తిరిగి ఉంటాయట. గుండె ఆగి ఉంటుందట.

ఆగిన బండి మీద కళ్లు తిరిగితే ట్యాంకర్ వచ్చి గుద్దుతుందా? సిగ్గుండాలి.

ట్యాంకర్ తోలినవాడి షుగర్ ఎంతో ఒక్కరూ అడగలేదు.

నేను ఎక్కువ మాట్లాడను, మీకు తెలుసు. ఊరి బడిలో ఏడు దాకా చదివి ఆటో తోలినవాణ్ని. మన చుట్టాల ఈ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు. ఇవాళ రాస్తున్నాను. చదవండి.

రజితకు షుగర్ చిన్నప్పుడే వచ్చింది. టైప్ వన్. తీపి తిని తెచ్చుకున్నది కాదు. ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు, బయటి నుంచి ఎక్కించుకోవాలి. దాని చెల్లెలు మౌనికకూ అదే.

డాక్టర్ ఇద్దరికీ ఒకటే చెప్పాడు. ఈ జబ్బుతో గుండెకు ముప్పు ఎక్కువ. ఊరికే కూర్చోవద్దు, దమ్ము పెంచుకోండి అని.

పెంచుకుంది.

ఒకసారి నా ఆటోలో ఆఫీసుకు వస్తోంది. మాదాపూర్‌లో జామ్. కాసేపు చూసింది, బ్యాగ్ సీట్లో పడేసి లేసులు బిగించింది.

"మామా, బ్యాగు నువ్వు తే. నేను ఉరుకుత."

నేను గేటు చేరేసరికి చెమట తుడుచుకుని చాయ్ తాగుతోంది.

"ఏంది మామా, నీ ఆటోకు దమ్ము లేదా?"

వాళ్ల ఆఫీసులో ఫిట్‌నెస్ టెస్ట్ పెట్టారు. మూతికి మాస్క్ కట్టి ట్రెడ్‌మిల్ మీద ఉరికిస్తే, గుండె, ఊపిరితిత్తులు ఎంత గట్టివో మెషిన్ చెబుతుందట. టీమ్ మొత్తంలో రజితదే పైన. మేనేజర్ మధ్యలోనే దిగి కుర్చీ వెతుక్కున్నాడట.

ఆ మేనేజరే ఆఫీసు రిలే పరుగు పందెంలోంచి దాని పేరు తీసేశాడు.

"మీ హెల్త్ కోసమేనండి రజితగారూ. రిస్క్ ఎందుకు?"

దాని బదులు ఎవరిని పెట్టాడు? తనను తానే.

నిన్న పెద్ద దండ తెచ్చాడు. "షీ వాజ్ ఎ ఫైటర్ అండి" అన్నాడు నాతో. ఆ రిలేలో ఆయన ఎక్కడ కూలబడ్డాడో రజిత నాకు చెప్పింది.

ఇక రజిత మేనత్త, మన సత్తెమ్మ వదిన.

ఒకసారి బోరబండలో పెళ్లి ఊరేగింపు, బారాత్. రజిత దుమ్ము లేపి డ్యాన్స్ చేసింది. షుగర్ పడిపోయింది, చేతులు వణుకుతున్నాయి. కూల్‌డ్రింక్ అందుకుంటే వదిన గుంజుకుంది.

"షుగరు పెట్టుకొని గిది తాగుతవా? సస్తవే!"

"ఇప్పుడు తాగకపోతేనే సస్త అత్తా. ఇయ్యి జర."

ఇవ్వలేదు. గ్లాసు కొంగు చాటున దాచింది. రజిత కారు కిటికీలో చెయ్యి పెట్టి పెళ్లికొడుకు గ్లాసే లాక్కుని తాగేసింది. కాసేపటికి తేరుకుంది.

"అత్తా, ఇగ నీది నువ్వు తాగు. డ్యాన్స్ జేద్దువు రా!"

పడిపోయిన షుగర్‌కు తీపే మందు. వదినకు ఆ రోజు అర్థం కాలేదు. ఈ రోజూ అర్థం కాదు. కానీ సలహాలకు తక్కువ లేదు.

నిన్న మేం దహనం నుంచి రాగానే వదిన మౌనిక షూలు తీసి సజ్జ మీద పడేసింది.

"ఒకతి పోయింది, సాలదా? నువ్వన్న ఇంట్ల కూసో."

చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా తలలూపారు. మేడ మెట్లెక్కితే రొప్పేవాళ్లు. మౌనికకు అక్క పోయింది. దమ్ము కూడా వదులుకోవాలట.

ఇవాళ పొద్దున స్టూలు వేసుకుని ఆ షూలు నేనే దించాను.

మౌనిక షుగర్ చూసుకుంది. సరిగ్గానే ఉంది. గ్లూకోజ్ పొట్లం జేబులో పెట్టుకుంది.

గడపలో వదిన అడ్డం నిలబడింది.

"సావింట్ల పరుగులేందయ్యా? నలుగురు ఏమంటరు?"

"అననీ. జరుగు వదినా."

నా నోట అంత గట్టి మాట ఎప్పుడూ రాలేదు. వదిన పక్కకు జరిగింది.

రైల్వే స్టేషన్ దాకా ఉరికి వచ్చింది మౌనిక. నేను మలుపులో నిలబడ్డాను. వచ్చి నా భుజం పట్టుకుని అప్పుడు ఏడ్చింది. నిన్నంతా ఏడవలేదు.

రేపూ పరుగుకు పోతుంది. ఇష్టం లేనివాళ్లు నాకు ఫోన్ చేయకండి. గ్రూప్‌లోంచి తీసేసినా సరే.

రజితా, చెల్లెను నేను చూసుకుంటా బిడ్డా.

నువ్వు నిమ్మళంగా పో.