రాజమల్లు కట్టిన మెట్లు

ముంబై కామాటిపుర పదో గల్లీలో ఉండే రాజమల్లు తాపీమేస్త్రీ. పెళ్లయిన నాటి నుంచీ ఎన్ని ఇళ్లు కట్టాడో అతనికే గుర్తు లేదు. వాటిలో ఒక్కదాన్నయినా భార్య రేణుకకు లోపలికి తీసుకెళ్లి చూపించలేకపోయాడు. కడుతున్నంతకాలం అక్కడే తిని అక్కడే పడుకునేవాడు. పనైపోయి గేటు పెట్టాక వాచ్‌మన్ అతన్నే లోపలికి రానిచ్చేవాడు కాదు. బస్సులోంచి "అగో, అది నేను కట్టిందే" అని వేలు పెట్టి చూపించడం, ఆమె తల తిప్పేలోపు బస్సు ముందుకు పోవడం. ఆయనగారు పెళ్లానికి చూపించిన వైభవం ఇంతే.

అందుకే గోరేగావ్‌లో సినిమా సెట్టు పని దొరికినప్పుడు రాజమల్లు కాళ్లు నేల మీద నిలవలేదు. టికెట్టు కొంటే చాలు, ఇంట్లోకి ఎవరైనా రావచ్చు! సెట్టు ఒక కొండమీది బంగ్లా. గోడలన్నీ ప్లైవుడ్డే. మెట్ల మీద జనం పరుగెత్తాలి కాబట్టి వాటిని మాత్రం ఇటుకతో కట్టమన్నారు. కట్టాడు. కట్టి ఊరుకోకుండా సిమెంటు గట్టిపడాలని రోజూ పొద్దున్నే బకెట్లతో నీళ్లు పోసి తడిపాడు. నెల తిరక్కుండా పడగొట్టే మెట్లకు నీళ్లేమిటని సెట్టువాళ్లు పడీపడీ నవ్వారు. సిమెంటు పని చేసి తడపకుండా ఉండటం అతనికి చేతకాదు మరి.

సినిమా విడుదలయ్యాక ఆదివారం మ్యాట్నీకి భార్యనూ, కాల్‌సెంటర్లో పనిచేసే కూతురు మనాలినీ వెంటబెట్టుకు వెళ్లాడు. రేణుక పెళ్లిళ్లకని దాచుకున్న చీర కట్టింది.

సినిమాలో నలుగురు స్నేహితులు శని, ఆదివారాలు సరదాగా గడుపుదామని లోణావళా దగ్గర బంగ్లాకు వస్తారు. వాన పడుతుంది, కరెంటు పోతుంది, ఒక్కొక్కరే చస్తుంటారు. చంపేది ఎవరో మొదటి పాటకే హాల్లో అందరికీ తెలిసిపోయింది, తీసినవాళ్లకు తప్ప. హీరో కోపంగా తలుపు వేస్తే గోడ ఊగింది. జనం ఈలలు వేశారు. భయపడాల్సిన చోట నవ్వారు, నవ్వాల్సిన చోట ఫోన్లు చూసుకున్నారు.

రాజమల్లుకు ఇవేవీ పట్టలేదు. తెరమీద మెట్లు కనపడగానే అతను ముందుకు వంగి కూర్చున్నాడు. ఎంత పెద్దవి! వరసగదుల చాల్‌లో వాళ్లుండే గది కన్నా ఒక్కో మెట్టే పెద్దగా ఉంది. తాను బొటనవేలితో గుండ్రంగా నునుపు చేసిన అంచు మీద కొవ్వొత్తి వెలుగు జారుతోంది. హీరోయిన్ అరుస్తూ పైకి పరుగెత్తింది. మెట్లు కదల్లేదు, మెదల్లేదు. ఇది ఈ చేతులతో చేసిందేనా అని రాజమల్లు తన చేతుల వంక చూసుకున్నాడు. గుళ్లో హారతి వేళ నిలబడినట్టు ఒళ్లు జలదరించింది. పక్కన రేణుక మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఆమెకు నచ్చిందో లేదో తెలియక అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

ఇంటర్వెల్లో సగం హాలు ఖాళీ అయింది.

"ఏం బక్వాస్ పిక్చర్ నాయినా ఇది! చలో, ఇంటికి పోదాం," అంది మనాలి.

రాజమల్లుకు సిగ్గేసింది. "మీ అమ్మకు గూడ బోర్ కొడుతున్నట్టుంది. పోదాం పాండి," అని లేచాడు.

రేణుక అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "యాడికి పోతవ్? ఆ పిల్ల మీదికి ఉరికింది గద. మీద ఏమేం అర్రలు కట్టినవో నన్ను చూడనియ్యి."

రాజమల్లు కట్టిన మెట్ల పైన గదులెక్కడివి? సెట్టులో ఆ మెట్లెక్కితే తగిలేది ఒక చెక్కల మంచె, దాని మీద లైటు పట్టుకున్న మనిషి. పై అంతస్తు ఇంకో స్టూడియోలో ఇంకెవరో వేశారు. ఈ మాట చెప్పేలోపే హాల్లో దీపాలు ఆరిపోయాయి.

హీరో మెట్లెక్కాడు. ఎక్కిన చోట నిజంగానే మేడ ఉంది! పొడవాటి వరండా, నిలువుటద్దాలు, పందిరి మంచం. తన మెట్లు అంత గొప్ప మేడకు చేరడం చూసి రాజమల్లే నోరు తెరిచాడు. రేణుక కళ్లు ఇంతింతయ్యాయి. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇదంత గూడ నువ్వే కట్టినవా, మనాలి నాయినా?"

అవునంటే సరిపోయేది. ఎవరొచ్చి కాదంటారు? ఇన్నేళ్లూ చూపించలేనిదంతా ఒక్క మాటతో చూపించినట్టయ్యేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కాదే," అన్నాడు చివరికి. "మెట్ల దాకనే నాది. ఇది వేరేటోళ్లు కట్టిన్రు."

రేణుక తెర వంక చూసింది. అక్కడ హంతకుడు గొడ్డలి ఎత్తి హీరోయిన్ మీదికి వస్తున్నాడు. రేణుక కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"అయితే పోదాం పా. నీది చూసిన, కడుపు నిండింది. పరాయోళ్ల ఇల్లు మనకెందుకు?"