పసుపు గీతల మధ్య కారు

తాళం అత్తయ్య అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. సొంత పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. తెల్లవారుతూనే తనంత పొడవున్న ఇనప తాళం భుజాన వేసుకుని బయల్దేరుతుంది. ఫుట్‌పాత్‌ల కింద గుంటల్లో నీళ్ల వాల్వులుంటాయి. మూత ఎత్తి, తాళం దింపి, ఇటు తిప్పితే వీధికి నీళ్లు, అటు తిప్పితే బంద్. పందొమ్మిదేళ్లుగా ఆవిడ తిప్పితేనే ఆ పేట మొహం కడుక్కుంటోంది. ఆ మాట ఆవిడే చెప్పుకుంటుంది, అదీ కాస్త గట్టిగానే. చెప్పుకోనివ్వండి, అబద్ధం కాదుగా!

ఇష్టమైన పని, ఇంటికి రాగానే వేడి టీ చేతికిచ్చే మొగుడు. ఇక ఆవిడకి బెడదేమిటయ్యా అంటే, ఫుట్‌పాత్ మీద బళ్లు. మనుషులు నడవడానికి వేసిన బాట మీద బళ్లకేం పనండీ? ఒకడు స్కూటర్ పెడతాడు. వాడు పెట్టాడని పక్కవాడూ పెడతాడు. నడిచేవాళ్లేమో రోడ్డు మీదికి దిగి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోవాలి. అత్తయ్య రోజూ గొంతు చించుకోవాల్సిందే.

"అయిదు నిమిషాలే అత్తయ్యా!"

"నీ అయిదు నిమిషాలు నిన్నటి నుంచీ అవుతూనే ఉన్నాయి. ముందు బండి తియ్యి!"

ఆవిడ మొగుడు దర్జీ. ఓ రోజు మిషను తొక్కుతూ, "ఎందుకే అలా అరిచి గొంతు పోగొట్టుకుంటావ్? గీత గియ్యి. నేను గుడ్డ మీద సుద్దతో గీశానంటే కత్తెర దాటుతుందా?" అన్నాడు.

మాట బాగానే ఉందనిపించింది ఆవిడకి. ఒక వీధి మొదట్లో పెద్ద వాల్వు ఉంది. అది రోజూ తిప్పేది కాదు. ఎక్కడైనా పైపు పగిలితే ఆ వీధి మొత్తానికీ నీళ్లు ఆపేది అదొక్కటే. సెలవురోజున అత్తయ్య పసుపు రంగు డబ్బా తెచ్చి, మొగుడి టేపుతో కొలిచి, ఆ మూత చుట్టూ నాలుగు గీతలు గీసింది. ఏ బండి చక్రమూ దరిదాపుల్లోకి రాకూడదని కాస్త ధారాళంగానే గీసింది. లోపల మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. చూస్తే తెలియడం లేదూ, మళ్లీ రాయడమెందుకు అనుకుంది.

మర్నాడు వెళ్లి చూస్తే గీతల మధ్య బుల్లి తెల్ల కారు. ఒక్క చక్రం కూడా గీత తొక్కలేదు. నాలుగు వైపులా బెత్తెడు చొప్పున వదిలి, కొలిచి పెట్టినట్టుంది. అత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశారా, నన్ను వెక్కిరించడానికే పెట్టాడు!"

కారు మనిషి కనబడలేదు. ఆ మర్నాడూ అంతే. అద్దానికి చీటీ అంటిస్తే గాలికి ఎగిరిపోయింది. ఆ వాల్వు రోజూ తిప్పేది కాదు కదా, ఇంకోరోజు పట్టుకుందాంలే అని ఊరుకుంది. అక్కడే వచ్చింది చిక్కు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం ఆ వీధి నడుమ పైపు పగిలింది. సరిగ్గా పుస్తకాలు కుట్టే బైండరు ఇంటి ముందు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. మెట్లు దిగితే నేల కింద ఉన్న గదే ఆయన పనిచోటు. గ్రంథాలయం వాళ్లు నాలుగొందల పాత పుస్తకాలు బాగుచేయమని ఆ వారమే ఆయన చేతిలో పెట్టారు. మళ్లీ అచ్చుకాని పుస్తకాలు. అవన్నీ నేల మీదే దొంతర్లుగా ఉన్నాయి. నీళ్లు ఒక్కో మెట్టూ దిగుతున్నాయి.

"అత్తయ్యా, ఇవి తడిస్తే నా పని అయిపోయినట్టే! ఇంక నా చేతికి పుస్తకం ఇచ్చేవాళ్లుండరు!" గుమ్మానికి గోనెసంచులు అడ్డం వేస్తూ బైండరు ఏడుపు గొంతుతో అరిచాడు.

అత్తయ్య తాళంతో వీధి మొదటికి పరిగెత్తింది. మూత మీద కారు.

"ఎవడిదర్రా ఈ కారు?"

"లెక్కల మాస్టారిది. ఈమధ్యే పక్క సందులో దిగారు. పొద్దున్నే నడకకని పార్కుకెళ్తారు," అంది ఎదురింటామె.

"నడిచే బాట మీద కారు పెట్టి, నడవడానికి పార్కుకెళ్లాడా! ఆహా, ఏం లెక్కండీ!"

తిట్టుకుంటూ కూర్చుంటే నీళ్లు ఆగవు. కారుని ఎత్తి జరపాలంది. పదిమంది చొక్కాచేతులు మడిచారు. ఎత్తుతారు సరే, ఎటు జరుపుతారు? రోడ్డు వైపు ఇనప కమ్మీలు. వెనక సరుకుల వ్యాను అడ్డంగా పెట్టి డ్రైవరు ఎటో పోయాడు. మిగిలింది ముందు వైపు. అక్కడేమో వీధి చివరిదాకా సందు లేకుండా స్కూటర్లు. చివరి బండి కదిలితే తప్ప మొదటిది కదలదు.

"తియ్యండర్రా, అన్నీ తియ్యండి!"

అప్పటిదాకా వింత చూస్తున్నవాళ్లు ఎవరి బండి వాళ్లు తోసుకుంటూ వీధి చివర ఖాళీ జాగాలోకి పరిగెత్తారు. ఆ జాగా ఎప్పటినుంచో అక్కడే ఉంది. నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకం, అంతే.

కారు జానెడు జానెడు జరిగింది. అత్తయ్య మూత ఎత్తి తాళం దింపింది. ఇరవై నాలుగు చుట్లు. తొందరపడి తిప్పితే నీళ్ల ఊపుకి పైపు ఇంకోచోట పగులుతుంది. బైండరు కేకలు చెవిన పడుతున్నా, పళ్లు బిగబట్టి ఒక్కో చుట్టూ నిదానంగా తిప్పింది. చివరి చుట్టు తిరిగేసరికి నీళ్లు ఆఖరి మెట్టు మీద నిలిచిపోయాయి. ఒక్క పుస్తకమూ తడవలేదు. అత్తయ్య ఫుట్‌పాత్ మీదే కూలబడి, "అమ్మయ్య" అంది.

అప్పుడు తీరిగ్గా, మెడలో తువ్వాలుతో వచ్చారు మాస్టారు. అత్తయ్య లేచి ఆయన్ని కడిగేసింది. ఆయన బిత్తరపోయారు.

"అదేంటమ్మా, గీతలు గీసి ఉంటే కార్లకోసమే అనుకున్నాను. గీత తొక్కకుండా పెట్టడానికి రోజూ పది నిమిషాలు పట్టేది నాకు."

అందరూ అత్తయ్య వైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది పాపం. కొరివితో తల గోక్కున్నట్టయింది ఆవిడ పని.

"తప్పు నాదే మాస్టారూ," అంది చివరికి. ఆ మాట దర్జీ కూడా కాపురంలో ఎన్నడూ విని ఉండడు.

"కింద మూత చూసి కూడా అడగలేదు. సగం నాది," అన్నారు మాస్టారు.

అందరూ నవ్వేశారు. కొందరు స్కూటర్లు మళ్లీ తోసుకొస్తున్నారు కూడా. ఆ సందడికి బైండరు తల్లి చేతికర్రతో గుమ్మంలోకి వచ్చింది. స్కూటర్ల మధ్య అడుగు పెట్టే వీల్లేక, రోడ్డు మీదికి దిగే ధైర్యం లేక, ఆ ముసలమ్మ రెండేళ్లుగా గుమ్మం దాటలేదు. ఖాళీ ఫుట్‌పాత్‌ని అటూ ఇటూ చూసింది. గోడ పట్టుకుని బయల్దేరింది.

"అమ్మా, ఎక్కడికే?" అన్నాడు బైండరు.

"ఎక్కడికీ లేదురా. అలా చివరిదాకా."

స్కూటర్లవాళ్లు హ్యాండిల్ పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ముసలమ్మ మెల్లగా వీధి చివరిదాకా వెళ్లింది. తిరిగి వచ్చింది. ఆయాసంగా ఉంది గానీ మొహం వెలిగిపోతోంది. అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, రేపు కూడా పైపు పగులుతుందా?"

అత్తయ్యకి కళ్లు చెమర్చాయి.

"పగలకపోయినా రేపు నడుద్దురుగాని పిన్నిగారూ," అని స్కూటర్ల వైపు చూసింది. ఆవిడ అరవాల్సిన పనిలేకపోయింది. బళ్లు ఒక్కొక్కటే ఖాళీ జాగా వైపు మళ్లాయి.